ముల్లు తీసిన చేప

ఎవరూ అడగలేదు కాబట్టి

పద్దెనిమిదేళ్ళు ఒకే చోట పనిచేసిన మనిషిని రిటైరయ్యాక ఒక్కసారి పిలిచి, "ఆ పని మీరు ఎలా చేసేవారండీ?" అని అడగడం మర్యాద. నన్ను ఎవరూ అడగలేదు. రిటైర్మెంటు సభలో నాకు శాలువా కప్పిన పెద్దమనిషి మైకులో నన్ను "పక్షులకి మేత వేసే సుబ్బారావు" అన్నాడు. మేత వేసేది కోళ్ళకి. వేటపక్షికి మేత వెయ్యరు, ఆహారం పెడతారు. ఆ మాట అక్కడే చెప్పాను. సభలో అందరూ నవ్వారు. ముందు వరసలో ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అదొక్కటే అయితే ఇది రాసేవాణ్ణి కాదు. కొల్లేరు ఒడ్డున ఉన్న మా పక్షుల కేంద్రంలో ఇప్పుడొక గరుడ పక్షి పిల్ల ఉంది. పదకొండు రోజుల క్రితం కళ్ళారా చూశాను. దానికి ఎముకలు తీసేసిన కోడిమాంసం పెడుతున్నారు. ఇలాగే ఇంకొన్ని వారాలు పెడితే దాని రెక్కలు వంగిపోతాయి, బతికినన్నాళ్ళూ ఎగరదు. ఇది నేను ఊహించి చెబుతున్న మాట కాదు. ఒక పిల్లని నేనే అలా చేశాను.

కేంద్రానికి మూడు ఉత్తరాలు రాశాను. మేనేజరు గారికి వాట్సాప్‌లో నాలుగుసార్లు పెట్టాను. రెండు నీలం గీతలూ వచ్చాయి గాని జవాబు రాలేదు. అందుకని ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం అన్నీ ఇక్కడ రాస్తున్నాను. వాళ్ళయినా చదువుతారు.

పని ఏమిటంటే

గాయపడ్డ గద్దలు, డేగలు, గుడ్లగూబలు మా దగ్గరికి వస్తాయి. బాగైనవాటిని వదిలేస్తాం. ఎగరలేనివి ఉండిపోతాయి. వాటిలో మనుషుల్ని చూసి బెదరని వాటిని చేతిమీద కూర్చోవడానికి అలవాటు చేసి బడులకి తీసుకెళ్తాం. కేంద్రంలో వాటిని రాయబారి పక్షులంటారు. అడవి తరఫున మాట్లాడటానికి వచ్చినవని. మాట్లాడేది మాత్రం నేను.

ఎడమచేతికి మందపాటి తోలు గ్లవ్ తొడుక్కుని, పక్షి కాలికున్న పట్టీని వేళ్ళ మధ్య పట్టుకుని, గంటసేపు చెయ్యి దించకుండా నిలబడాలి. పిల్లలు అడిగినదానికల్లా జవాబు చెబుతూనే ఒక కన్ను పక్షి మీద ఉంచాలి. ఈకలు బిగించి సన్నగా అయితే భయపడుతోందని. ఒక కాలు ముడిచి పొట్టలో దాచుకుంటే నిమ్మళంగా ఉందని. ముందుకి వంగి తోక ఎత్తితే రెట్ట వెయ్యబోతోందని. అది దూరంగా చిమ్మి పడుతుంది.

ఏలూరులో ఒక బడి వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి పక్షితో ఫొటో కావాలన్నారు. "నువ్వు కొంచెం పక్కకి జరుగు, ఫ్రేములోకి వస్తున్నావు" అన్నారు నాతో. చెయ్యి నాది, జరగాలంటే ఎలా? పక్షి ముందుకి వంగింది. తోక ఎత్తింది. నేను చూశాను. చెప్పలేదు. ఆయన తెల్లచొక్కా గురించి మేనేజరు నాకు మెమో ఇచ్చారు. ఆ మెమో విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

జనం గరుడ పక్షిని చూడగానే లెంపలేసుకుంటారు. వెయ్యనివ్వండి. ముట్టుకోనివ్వకండి. ఒక పెద్దావిడ బొట్టు పెడతానని కుంకుమ భరిణె పట్టుకుని ముందుకొచ్చేసింది. "అమ్మా, వద్దండీ, కరుస్తుంది" అంటే, "స్వామి కరవడండీ, నేను ఎవరికీ అపకారం చెయ్యలేదు" అంది. మీ దగ్గరికీ వస్తారు. నవ్వకుండా, కోప్పడకుండా రెండడుగులు వెనక్కి వెయ్యండి, చాలు.

హెల్మెట్ తియ్యకుండా

మాది తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు. ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. కొట్టు అన్నయ్య చూసుకుంటే నేను ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో పనిచేశాను. కప్ప అస్థిపంజరాలు తుడిచి అద్దాల పెట్టెల్లో సర్దడం నా పని. నలభై దాటాక ఈ కేంద్రంలో చేరాను. చేరిన రెండో వారంలో రోడ్డు వెడల్పు కోసం కొట్టిన చెట్టు మీంచి పడిన గరుడ పిల్లని తీసుకొచ్చారు. పత్తి ఉండలా ఉంది. ఒంటిమీద ఒక్క గీత లేదు. దాన్ని పెంచమని నాకు అప్పగించారు. దానికి బంగారి అని పేరు పెట్టాను.

పెట్టాల్సింది మాంసం. నేను పుట్టాక కోడిమాంసం కొట్టు మెట్టెక్కలేదు. మా వీధివాళ్ళు చూస్తారని ఊరి రెండో చివరనున్న కొట్టుకి వెళ్ళి, హెల్మెట్ తియ్యకుండానే, "బోన్‌లెస్ అండీ, పావుకిలో" అన్నాను. కొట్టతను గొంతు గుర్తుపట్టేశాడు.

"ఏంటి శెట్టిగారూ! ఇంట్లో తెలుసాండీ?"

"నాక్కాదండీ. పక్షికి."

"అందరూ అదే అంటారండీ," అని పొట్లం కట్టి ఇచ్చాడు. పక్కన నిలబడ్డ ఇద్దరూ నవ్వారు. వాళ్ళ ముఖాలూ నాకు గుర్తే.

ల్యాబులో ఎండిన ఎముకలు తుడిచినవాణ్ణే గాని, మాంసం అంటుకున్న ఎముక ముట్టలేకపోయాను. అందుకని బోన్‌లెస్. అదీ అలా పెట్టబుద్ధి కాలేదు. ఉప్పూ పసుపూ వేసి మూడు నీళ్ళు కడిగి, గుడ్డతో అద్ది, చిన్నచిన్న ముక్కలు కోసి పెట్టేవాణ్ణి. కొల్లేరు ఒడ్డున ఉన్నాం కాబట్టి చేపలు ఊరికే వచ్చేవి. వాటికీ తల తీసి, పేగులు తీసి, ఒక్కొక్క ముల్లూ పట్టకారుతో లాగి, మెత్తటి కండ మాత్రం పెట్టేవాణ్ణి. చేప తినని ఇంట్లో పుట్టినవాడికి చేప గురించి తెలిసింది ఒక్కటే, ముల్లు గొంతులో గుచ్చుకుంటుందని.

సాయంత్రం ఇంటికొస్తే మా అమ్మ పెరట్లో నీళ్ళ బక్కెట్టు పెట్టి ఉంచేది. "స్నానం చేసి రా. ఆ చేతుల్తో గుమ్మం ముట్టుకోకు" అనేది. "శుభ్రంగా కడిగే పెడుతున్నానమ్మా" అనేవాణ్ణి. కడగడం ఒక గొప్ప అనుకునేవాణ్ణి.

మా కేంద్రం ఊడ్చే మంగమ్మ లంక గ్రామం మనిషి. కొల్లేట్లో పడవ మీద పెరిగింది. నేను పట్టకారుతో ముళ్ళు లాగుతుంటే రెండు మూడు రోజులు చూసి, చీపురు ఆపి నిలబడింది.

"ఏవండీ సుబ్బారావు గారూ, ఎవరికండీ ఇంత సేవ?"

"పిల్లకి. ముల్లు గుచ్చుకుంటే?"

"వాళ్ళమ్మ ముల్లు తీసి పెడుతుందాండీ? పట్టుకొచ్చి పీకి ముక్కులో కుక్కడమే కదా. చిన్న చేపలేగా, పరిగెల్ని పరిగెల్లాగే వెయ్యండి బాబూ."

"నీ పని నువ్వు చూసుకో మంగమ్మా. నేను జువాలజీ చూసినవాణ్ణి."

ఆమె ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది. నన్ను ఎవరు ఎక్కడ ఏమన్నారో తేదీతో సహా చెప్పగలిగే నేను, నేనన్న ఈ మాటని చాలా ఏళ్ళు మరిచిపోయాను.

పొగలాంటి ఎముకలు

ఈకలు వచ్చాయి. బంగారి బొద్దుగా, నిగనిగలాడుతూ ఉంది. నిలబడాల్సిన వయసులో మడమల మీద చతికిలబడేది. బద్ధకం అనుకున్నాను. ఒకరోజు చిన్న మొద్దు మీంచి దూకింది. జానెడెత్తు ఉంటుంది. కుడిరెక్క వేలాడిపోయింది.

ఏలూరు నుంచి డాక్టరుగారు వచ్చారు. విజయగారని, పశువుల డాక్టరు, పక్షుల మీద శ్రద్ధ ఉన్న మనిషి. ఎక్స్‌రే తీయించి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. ఎముకలు ఉండాల్సిన చోట పొగలా ఉంది. రెండు రెక్కలూ వంకర తిరిగి ఉన్నాయి. కుడిది విరిగింది.

"ఏం పెడుతున్నారండీ దీనికి?"

చెప్పాను. ఉప్పు, పసుపు, మూడు నీళ్ళు, పట్టకారు, అన్నీ. చెబుతుంటే ఇంకా గొప్పగానే ఉంది. ఆవిడ ఎక్స్‌రే కిందికి దించారు.

"ఎముక తింటేనే ఎముక వస్తుందండీ," అన్నారు. "ఎలుకని తోలుతో, చేపని ముల్లుతో మింగాలి. అరగని బొచ్చూ ఈకలూ ఉండచుట్టి అదే కక్కేస్తుంది. మీరు దాన్ని చాలా ప్రేమగా పస్తు పెట్టారు."

నన్ను చాలామంది చాలా అన్నారు. ఈ ఒక్కటీ మాత్రం నాకు తగిన మాట.

మర్నాడు పొద్దున్నే మంగమ్మ తెచ్చిన పరిగెల్ని తలకాయలతో సహా వేశాను. బంగారి ఒక్కొక్కటి పట్టుకుని, తల వెనక్కి విసిరి, గుటుక్కున మింగింది. ఏ ముల్లూ గుచ్చుకోలేదు. ఆలస్యంగా గట్టిపడ్డ ఎముకలు వంకర మీదే గట్టిపడ్డాయి. ఆ తర్వాత నా చేతికిందికి వచ్చిన ఏ పిల్లకీ ఎముక తియ్యలేదు. మంగమ్మకి క్షమాపణ చెప్పాలని అనుకుంటూనే ఉండగా ఆమె పని మానేసి, కూతురి దగ్గరికి ముదినేపల్లి వైపు వెళ్ళిపోయింది. ఇప్పటికీ చెప్పలేదు.

బోర్డు మీద తాడు

బంగారి ఎగరదని తేలాక రాయబారి పక్షిని చేద్దామన్నారు అప్పటి మేనేజరు. పంజరం ముందు బోర్డు కావాలి. ఏమైందో రెండు వాక్యాలు రాయమన్నారు. నేను జరిగింది రాశాను. ఆయన చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సుబ్బారావు గారూ, మన దగ్గరే పాడైందని మనమే రాసుకుంటామా అండీ? చెరువుల మీద నైలాను తాడు కడతారు కదా పక్షులు వాలకుండా. దానికి తగిలిందని రాద్దాం. జరగనిదేం కాదుగా."

జరగనిది కాదు. తాడు తగిలిన పక్షులు మాకు ఏటా వస్తాయి. అది వాటి కథ, బంగారి కథ కాదు. ఆ మాట అన్నాను. "మీ ఉద్యోగం కోసమే చెబుతున్నానండీ" అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆయన బెదిరించాడని రాసుకోవచ్చు. నిజానికి నాకు హాయిగానే అనిపించింది.

అప్పుడు దిద్దకుండా వదిలేసింది ఇంకొకటి కూడా ఉంది. మొదటి నెలలో ఆయన అడిగితే పిల్లల ఆహారం ఎలా పెట్టాలో నా చేత్తో ఒక పట్టిక రాసిచ్చాను. "ఎముకలు, ముళ్ళు పూర్తిగా తీసి, ఉప్పు, పసుపుతో శుభ్రంగా కడిగి పెట్టవలెను" అని, కింద సంతకం. దాన్ని మార్చాలని నాకు తోచలేదు. కాదు, తోచింది. మారిస్తే ఎందుకు మార్చామో రాయాలి. పట్టిక ఫైల్లోనే ఉండిపోయింది. సరైన పద్ధతి నా చేతుల్లో ఉండిపోయింది. నేను రిటైరైన రోజున అది నాతో ఇంటికి వచ్చేసింది.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను ఇవ్వగల సలహా ఇదే. తప్పు దిద్దుకున్నారా, దిద్దుకున్న సంగతి గోడమీద రాయండి.

నిజం చెప్పిన గుడ్లగూబ

పెంటపాడు దగ్గర వరిచేలో దొరికిన గుడ్లగూబ మా రెండో రాయబారి. విషం తిన్న ఎలుకని తిని పడిపోయింది. బతికింది గాని ఎగిరితే తూలేది. దాన్ని అదే ఊరి బడికి తీసుకెళ్తే హెడ్మాస్టరు గేటు దగ్గరే ఆపేశారు.

"ఏవండీ, పరీక్షల ముందు గుడ్లగూబని తెచ్చారేంటండీ? గరుత్మంతుణ్ణి తెస్తారనుకుంటే!"

ఎండలో అరగంట నిలబెట్టారు. చివరికి రోడ్డుమీదే పాఠం మొదలుపెట్టాను. చేలోంచి వచ్చే రైతులు ఆగారు. ఇది రాత్రికి ఎన్ని ఎలుకల్ని తింటుందో, మీరు పెట్టిన మందు దీని కడుపులోకి ఎలా వచ్చిందో చెప్పాను. ఒక ముసలి రైతు దాని ముఖంలోకి చూసి, "అంటే నా కూలోడికి నేనే మందు పెట్టుకున్నానన్నమాట" అన్నాడు. ఆ తర్వాత ఆయన చేలో పక్షులు వాలడానికి కర్రలు పాతించాడు. ఆ దారినే వెళ్తూ చూశాను.

ముదినేపల్లి వైపు ఒక బడిలో బంగారిని చూపిస్తున్నప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. తాడు కథ అప్పటికి నాకు నోటికి వచ్చేసింది. చెబుతుంటే వెనక నిలబడ్డ చేపల చెరువు రైతు చెయ్యెత్తాడు.

"ఏ చెరువండీ మాస్టారూ?"

"ఏ చెరువో తెలీదండీ. కొల్లేరు పక్కన."

"తాడు తగిలితే తోలు తెగుద్ది కదండీ. దీనికి మచ్చే లేదు. రెక్కలు రెండూ ఒకేలా వంకరున్నాయి. రెండు పక్కలా ఒకేసారి తగిలిందాండీ, కొలిచి కట్టినట్టు?"

పిల్లలు నవ్వారు. "మమ్మల్ని తిట్టడానికి ఒక పక్షి కావాలి, అంతేనా అండీ?" అని ఆయన వెళ్ళిపోయాడు. ఆయనతో పాటు ఇంకో నలుగురు చెరువుల రైతులు లేచి వెళ్ళారు. తాడు కట్టకండని నిజంగా చెప్పాల్సింది వాళ్ళకే. ఇక వాళ్ళు ఎప్పుడూ రాలేదు. ఆయన మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉంది. ఆయన అన్నది అక్షరాలా నిజం కావడం వల్ల ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆ సాయంత్రమే బోర్డు మార్చమని మేనేజరుని అడిగాను. ఆయన తర్వాత వచ్చిన ఇద్దర్నీ అడిగాను. "పైనుంచి ఆర్డరు రావాలండీ" అన్నారు ముగ్గురూ. పైన ఎవరున్నారో ముగ్గురూ చెప్పలేదు.

పదకొండు రోజుల క్రితం

రిటైరయ్యాక మొదటిసారి కేంద్రానికి వెళ్ళాను. టికెట్టు కొనమన్నారు. కొన్నాను. బంగారి నన్ను గుర్తుపట్టిందని రాయను. నా చేతిసంచీ వంక చూసింది.

లోపలి గదిలో కొత్తగా చేరిన అమ్మాయి ఒక పిల్లకి ఆహారం పెడుతోంది. చదువుకున్న పిల్ల, చెయ్యి నెమ్మదైనది, పని మీద ఇష్టం ముఖంలోనే కనిపిస్తోంది. పళ్ళెంలో తెల్లగా కడిగిన మాంసం ముక్కలు. పసుపు కూడా ఉంది.

"అమ్మా, ఎముకలేవి?"

"తీసేశానండీ. చార్టులో అలాగే ఉంది కదా సార్."

గోడ వంక చూశాను. నా పట్టిక. టైపు చేయించి, లామినేషన్ చేయించి, కింద నా పేరు కూడా వేశారు. పద్దెనిమిదేళ్ళలో నా పేరు ఆ కేంద్రం గోడెక్కడం అదే మొదలు.

"ఇది తప్పమ్మా. నేనే తప్పు రాశాను. చేపని ముల్లుతో వెయ్యి."

ఆ అమ్మాయి నన్ను చూసింది, గోడని చూసింది. "మేనేజరు గారిని అడగాలండీ" అంది. ఆమెని అనడానికి లేదు. ఆమె స్థానంలో నేనున్నప్పుడు సరైన మాట చెప్పిన మనిషిని చీపురు పట్టుకు పొమ్మన్నాను.

మేనేజరు గారు కుర్చీ చూపించలేదు.

"మీరు రాసిందే ఫాలో అవుతున్నాం కదండీ. ఇప్పుడు మీరే తప్పంటే ఎలా? బంగారికి తాడు తగిలిందని బోర్డు మీద స్పష్టంగా ఉంది. ఆహారానికీ దానికీ సంబంధం ఏంటండీ? డాక్టరు నెలకోసారి వస్తారు. వచ్చినప్పుడు కనుక్కుంటాం. రాసి ఇవ్వండి."

ఆయన్ని ఒక్కణ్ణే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయన ముందు రెండు కాగితాలున్నాయి, రెండూ అబద్ధమే చెబుతున్నాయి, ఒకదాని కింద నా సంతకం ఉంది. రాసి ఇచ్చాను. జవాబు లేదు. నాలుగో రోజున మళ్ళీ వెళ్ళాను. కైకలూరు వైపు నుంచి తెప్పించిన బతికున్న పరిగెలు, నీళ్ళ డబ్బాలో. వాచ్‌మన్ నాకు తెలిసిన పాతవాడే. తల దించుకుని, "బయటి తిండి లోపలికి పంపొద్దన్నారండీ. మీ పేరు చెప్పి మరీ అన్నారు" అన్నాడు. డబ్బాలో చేపల్ని కాలవలో వదిలేసి వచ్చాను. తర్వాత డాక్టరు విజయగారి నంబరు కోసం ఏలూరంతా ఫోన్లు చేశాను. బదిలీ అయి చాలా కాలమైందట. ఇంకా వెతుకుతున్నాను.

నిద్ర పట్టడం లేదు. ఆ పిల్ల వయసు వేళ్ళమీద లెక్కపెడుతున్నాను. ఈపాటికి ముళ్ళలా మొలిచిన కొత్త ఈకలు విచ్చుకుంటూ ఉంటాయి. నిలబడిందో, చతికిలబడిందో తెలియదు. ఏ మొద్దు మీంచి దూకుతుందో తెలియదు.

మేనేజరు గారూ, శాలువా వాపసు ఇమ్మంటే ఇస్తాను. మేత వేసేవాడనే పిలవండి. బోర్డు మీద తాడు మాట చెరిపేసి, ఈ పక్షిని పాడుచేసింది ఫలానా సుబ్బారావు అని పెద్ద అక్షరాలతో రాయించండి, పక్కన నిలబడి ఫొటో దిగుతాను. ఆర్డరు కావాలంటే పైవాళ్ళు ఎవరో చెప్పండి, వాళ్ళ గుమ్మం ముందు నేనే కూర్చుంటాను. ఇవన్నీ తర్వాత. ముందు ఒక్కదానికి జవాబు చెప్పండి, ఈ పొద్దు సాయంత్రం లోపల, ఫోను చేసి అయినా, మనిషితో కబురంపి అయినా. ఆ పిల్లకి ఇవాళ ఏం పెట్టారు? ముల్లుతో పెట్టారా, తీసి పెట్టారా?